అంచులు కలిస్తే గీతలు కలవవు

(మహారాష్ట్రలోని ధర్మాబాద్‌లో కుట్టుపని చేసే ఆడవాళ్ళ కూడికలో ఇచ్చిన ప్రసంగం. మాట్లాడినట్టే రాసినది.)

అక్కలారా, వదినెలారా, చిన్న బిడ్డలారా, అందరికి నమస్కారం.

పొద్దుటి నుంచి మీరు తెచ్చిన బొంతలు ఒక్కొక్కటి విప్పి చూసిన. చదరం ముక్కలతోని కుట్టినవి అన్నీ మంచిగున్నయి. నాలుగు మూలలు కలిసే కాడ వేలు పెట్టి చూసిన, ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. కానీ వాలు గీతల డిజైన్ల కాడికి వచ్చేసరికి నా మనసు ఊకోలేదు. శంకర్‌పాలీ ముక్కల బొంత, అంటే డైమండ్ లెక్క వాలుగున్న ముక్కల బొంత, ఒకటి ఉన్నది. ఎర్రటి ఎరుపు, మన మార్కెట్ యార్డులో కుప్ప పోసిన మిర్చి రంగు. ఎంత మంచి రంగులు ఏరింది ఆ అక్క! అయితే ఆ ఎర్ర గీత ఒక వరుస నుంచి ఇంకో వరుసలకు పొయ్యే కాడ మెట్టు దిగినట్టు విరిగింది. ప్రతి అతుకు కాడ అట్లనే. నేను చూస్తుంటే ఆమె సిగ్గుపడి మడత పెట్టబోయింది. మడత పెట్టకు అక్కా. అది నీ చేతి తప్పు కాదు. ఎక్కడ కలపాలెనో నీకు ఎవ్వరు చెప్పలేదు, అంతే. ఈ పూట నేను చెప్పేది ఆ ఒక్క ముచ్చటనే.

మా అమ్మమ్మ బొంత అన్నది, పక్కింటి మరాఠీ ఆజీ గోధడి అన్నది. పని ఒక్కటే. పాత చీర, పాత ధోతి పరిచి, మీద అతుకులు పెట్టి, అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి చుట్టుకుంట చుట్టుకుంట సాదా కుట్టు వేసుకుంట పొయ్యేటోళ్ళు. ఎండాకాలం పగటిపూట, ఇంటి ముందర అరుగు మీద, ఇద్దరు ఈ కొసన, ఇద్దరు ఆ కొసన. అమ్మమ్మ జన్మలో టేపు పట్టలేదు. త్రికోణం ముక్కలు పెట్టిందంటే మొనలు మాత్రం సూదిమొన లెక్క ఉండేవి. నేను చాలా ఏండ్లు ఆమె చేతిలో ఏదో మాయ ఉన్నదనుకున్న. మిషన్ మీద దెబ్బతిన్నంకనే నాకు అర్థమైంది. ఆమె సీదా దిక్కు చూసుకుంట కుట్టింది. ముక్క అంచు లోపలికి మడిచి, కింది బట్ట మీద పెట్టి, అటు జరిపి ఇటు జరిపి, గీత కలిసిందని కండ్లతోని చూసినంకనే సూది దించింది.

మిషన్ మీద మనం ఏం చేస్తం? రెండు ముక్కల సీదా దిక్కులు ఎదురెదురు పెట్టి, ఉల్టా దిక్కు నుంచి కుడుతం. గీత కలవాల్సిన చోటు రెండు బట్టల నడుమ దాక్కుంటది. మన కండ్ల ముందర ఉండేది అంచు ఒక్కటే. అందుకని చెయ్యి ఆ కనబడే అంచునే కలుపుతది. చదరం ముక్కలకు అది నడుస్తది. నిలువు గీత అంచు కాడ ఎక్కడుంటదో, లోపట పావు ఇంచు కాడ గూడ అక్కడనే ఉంటది. వాలు గీత అట్ల కాదు. అది నడుస్తనే ఉంటది. అంచు కాడ ఒక చోట, పావు ఇంచు లోపలికి పోతే ఇంకో చోట.

నా ముచ్చట చెప్త. మా పెద్దబిడ్డకు కొడుకు పుట్టినప్పుడు చిన్నోనికి దుప్టె, అంటే చిన్న బొంత, కుడుదామనుకున్న. గోదావరి మీది బాబ్లీ బరాజ్ గేట్లు ఎత్తేలోపట అయిపోవాలె అని పట్టుబట్టి కూర్చున్న. 2013లో సుప్రీంకోర్టు చెప్పినంక జూలై 1 నాడు ఎత్తుతరు గద ఆ గేట్లు. అప్పటికి మన దిక్కు ముసురు పడుతది, ఉతికిన బొంత మూడొద్దులకు గూడ ఆరదు. సరే, శంకర్‌పాలీ డిజైన్ ఎంచుకున్న. ఎరుపు, తెలుపు, నీలం. ఒక్కొక్కటి 2½ ఇంచుల పట్టీలు కోసి, పొడుగ్గ ఒకదానికి ఒకటి కుట్టిన. ఆ కుట్టిన బట్టను 45 డిగ్రీల వాలుతోని మళ్ళ 2½ ఇంచుల పట్టీలుగ కోసిన. ఇగ ఆ వాలు పట్టీలను ఒకదాని పక్కన ఒకటి కలిపితే శంకర్‌పాలీలు వరుసగ వస్తయి.

అన్నిటికి గుండుసూదులు పెట్టిన. అంచు కాడ ఎర్ర గీత మీద ఎర్ర గీత, నీలం మీద నీలం, వెంట్రుకవాసి తేడా లేకుండ. మనసుల మస్తు సంబురం. కుట్టి విప్పిన. ప్రతి గీత అర ఇంచు పక్కకు జరిగింది! ఒకటి రెండు కాదు, అన్నీ. మిషన్ తప్పనుకున్న. సూది మార్చిన, నూనె వేసిన, కుట్టు విప్పి మళ్ళ కుట్టిన. మళ్ళ అదే అర ఇంచు. ఆ రాత్రి నిద్ర పట్టలే. తెల్లారి కిటికీ కాడ నిలబడి, గుండుసూదులు పెట్టిన జత ఒకటి వెలుగుకు అడ్డం పట్టిన. అప్పుడు కనబడ్డది. రెండు బట్టల గీతలు వెలుగులో ఎక్స్ గుర్తు లెక్క అడ్డదిడ్డంగ కోసుకుంటున్నయి. ఆ ఎక్స్ అంచు మీద ఉన్నది. నేను కుట్టు వేసేది అంచుకు పావు ఇంచు లోపట. అక్కడ ఆ రెండు గీతలు ఎప్పుడో విడిపోయి, ఒకటి కుడికి ఒకటి ఎడమకు పోయినయి.

మీకు పంచిన కాగితాలు చేతిలో పట్టుకోండ్రి. రెండు పట్టీలు ఉన్నయి గద. ఒక్కొక్క దాని మీద నడుమ ఒక వాలు గీత గీసి ఉన్నది. ముందుగాల రెండిటిని బల్ల మీద పక్కపక్కన పెట్టి, గీత ఒక్కటే గీత లెక్క సాగేటట్టు చూడుండ్రి. ఇప్పుడు ఒక దాన్ని ఇంకో దాని మీదికి బోర్లించుండ్రి, గీతలు లోపటికి రావాలె. వెలుగుకు పట్టుకోండ్రి. ఏం కనబడుతున్నది? ఎక్స్. ఆ ఎక్స్ నడుమ చుక్క ఎక్కడ పడాలె? కుట్టు మీద పడాలె. అంచు మీద కాదు. పావు ఇంచు లోపట పెన్సిల్‌తోని గీత గీయండ్రి. ఎక్స్ నడుమ చుక్క సరిగ్గ ఆ పెన్సిల్ గీత మీద నిలబడేదాక కాగితం జరపండ్రి. ఆఁ, అంతే. ఇప్పుడు అంచు చూడుండ్రి. అంచు కాడ రెండు గీతలు కలిసినయా?

(సభలో నుంచి: "లేదక్కా, దూరం పోయినయి.")

ఎంత దూరం? టేపు పెట్టుండ్రి. అర ఇంచు. నాకు తప్పిన అర ఇంచు ఇదే. 45 డిగ్రీల వాలు అంటే ఎంత లోపలికి పోతే అంత పక్కకు పోతది. పావు ఇంచు లోపలికి పోతే ఒక గీత పావు ఇంచు కుడికి, ఇంకోటి పావు ఇంచు ఎడమకు. రెండు కలిపితే అర ఇంచు. అంటే సరిగ్గ పెట్టిన జతలో అంచు కాడ గీతలు అర ఇంచు ఎడంగ కనబడాలె. కండ్లకు అది తప్పు లెక్క కొడుతది. నమ్మబుద్ధి కాదు. కానీ అదే ఒప్పు. అంచు కాడ అందంగ కలిసినట్టు కనబడ్డదంటేనే భయపడాలె.

60 డిగ్రీల వాలైతే ఆ ఎడం తగ్గుతది, పావు ఇంచు కంటే కొంచెం ఎక్కువ ఉంటది. వాలు మారితే కొలత మారుతది, అందుకని కొలత బట్టీ పట్టొద్దు. ఎక్స్ చుక్క కుట్టు మీద ఉన్నదా లేదా అన్నదొక్కటే చూసుకోండ్రి.

మీ పట్టీల కొసలు గూడ చూడుండ్రి. చుక్క సరిగ్గ పడితే వాలుగ కోసిన కొసలు రెండు దిక్కుల చిన్న చెవి లెక్క బయటికి వస్తయి. ఆ చెవులు వచ్చినయని చాలామంది మళ్ళ జరిపి కొసలు సమానం చేస్తరు. అది చెయ్యకండ్రి. చెవి నడుమ పడే చిన్న సందులో నుంచి కుట్టు మొదలు కావాలె. జాకెట్ మెడకు క్రాస్ పట్టీ అతికేటప్పుడు మీకు ఇది చేతికి వచ్చిందే. రెండు పట్టీల కొసలు బయటికి పెట్టి కుడుతరు, కుట్టి విప్పితే అంచు సీదాగ వస్తది. ఆ తెలివి మీ చేతిలో ముందే ఉన్నది.

ఇంకో రకం ఉన్నది, అది సులువు. గీతలు సాగకుండ, ఒకదానికొకటి ఎదురొచ్చి పర్వతం మొన లెక్క, వి లెక్క కలిసేవి. వాటిని బోర్లిస్తే ఎక్స్ రాదు. ఒక గీత మీద ఇంకో గీత పొడుగునా పడుకుంటది. ఒక దాని మార్జిన్, అంటే కుట్టుకు అవతల మిగిలే బట్ట, పైకి, ఇంకో దాని మార్జిన్ కిందికి ఇస్త్రీ చేస్తే రెండు మడతలు తాళం పడ్డట్టు ఒకదానిలో ఒకటి కూర్చుంటయి. వేలుకు తెలుస్తది. దాని గురించి ఇంతకంటే చెప్పేది లేదు. కష్టమంతా ఎక్స్‌లనే.

ఆ చుక్కను పట్టేది ఎట్ల? గుండుసూదితోని. అయితే ఎప్పటి లెక్క పడుకోబెట్టి గుచ్చితే కాదు. ముందుగాల రెండు ముక్కల ఉల్టా దిక్కు, వాలు కుట్టు ఉన్న కాడ, పావు ఇంచు లోపట అర ఇంచు పొడుగు పెన్సిల్ గీత పెట్టుండ్రి. పెన్సిల్ గీత, వాలు కుట్టు దారం కోసుకునే చోటే మీ చుక్క. మీది ముక్క చుక్కలో నుంచి సూదిని నిట్టనిలువుగ దించుండ్రి. కింది ముక్కకు సీదా దిక్కు నుంచి గుచ్చి, ఉల్టా దిక్కు దాని చుక్కలో నుంచే బయటికి రావాలె. ఇప్పుడు రెండు బట్టలను సూది తలకాయ దాక నెట్టి, సూదిని నిలబడనియ్యండ్రి. నిలువు సూదిని వంచొద్దు, అది వంగితే మీది బట్ట ఒక దారం, రెండు దారాలు జరుగుతది. వంచకుండ దానికి అటొకటి ఇటొకటి, చాలా దగ్గర, మామూలు గుండుసూదులు పెట్టుండ్రి. ఆ రెండు గట్టిగ కూర్చున్నంక నిలువు సూది తీసేయండ్రి. దాని పని అయిపోయింది. మిషన్ సూది ఆ నిలువు సూది చేసిన రంధ్రం మీద నుంచి పోవాలె.

మొదటి పది అతుకులకు పెన్సిల్ తప్పదు. అటెన్క కన్నే చుక్కను వెతుక్కుంటది.

నాకు ఇంకో అలవాటు ఉన్నది, పెద్ద బొంతలకు అది లేకుండ నేను కుట్టను. చుక్క చుట్టూ ఒక ఇంచు మేర మిషన్‌ను పెద్ద టాకా మీద, అంటే పొడుగు కుట్టు మీద, 4 నంబరు మీద పెట్టి కచ్చాగ కుడుత. విప్పి సీదా దిక్కు చూస్త. గీత సాగితే దాని మీదనే చిన్న టాకా, 2 లేకుంటే 2½ మీద పక్కాగ కుడుత. సాగకుంటే ఒక దారం పట్టి గుంజితే కచ్చా కుట్టు మొత్తం వస్తది, బట్టకు దెబ్బ తగలదు. రోజుకు పది అతుకులు తక్కువ కుట్టుండ్రి, ఏం కాదు. చిన్న టాకాలు విప్పుకుంట కూర్చున్న పొద్దు కంటే ఇది నయం.

ఇగ పావు ఇంచు. వడ్రంగి లెక్కలో రెండు సూత్. చదరం ముక్కలు కుట్టేటప్పుడు పావు ఇంచు కొంచెం అటు ఇటు అయినా అన్ని అతుకులకు ఒక్క తీరుగ అయితే గడులు కలుస్తయి, బొంత కొంచెం చిన్నగ వస్తది అంతే. వాలు గీత క్షమించదు. కుట్టు అర సూత్ లోపలికి జరిగితే ఒక గీత అర సూత్ అటు, ఇంకోటి అర సూత్ ఇటు. మొత్తం ఒక సూత్ తప్పు. కుట్టు ఎంత తప్పితే గీత దానికి రెండింతలు తప్పుతది. గోరంత కొండంత అయ్యేది ఇక్కడనే.

మీ మిషన్ పావు ఇంచు కుడుతున్నదా? "ఫుట్ అంచు పట్టుకొని కుడుత" అంటరు. మన తొక్కుడు మిషన్ల మీద బట్టను నొక్కే నల్ల ఫుట్ చాలా సన్నం ఉంటది, సూది నుంచి దాని అంచు దాక పావు ఇంచు రాదు. ఇంటికి పోయి చూసుకోండ్రి. టేపు ఫుట్ కింద పెట్టి, సూదిని సరిగ్గ పావు ఇంచు గీత మీద దించి, టేపు కొస ఎక్కడ ఆగిందో ఆ ప్లేటు మీద మాస్కింగ్ టేప్ నాలుగైదు పొరలు మందంగ అంటించుండ్రి. బట్ట అంచు ఆ పొరకు తగిలి నడుస్తది. ఇప్పుడు పరీక్ష పెట్టుండ్రి. 1½ ఇంచుల పట్టీలు మూడు కుట్టి ఇస్త్రీ చేసి కొలవండ్రి. మొత్తం 3½ ఇంచులు రావాలె, నడిమి పట్టీ సరిగ్గ 1 ఇంచు ఉండాలె. తక్కువొస్తే మాస్కింగ్ టేప్‌ను దారమంత సూది దిక్కు జరపండ్రి. దారం మందం, బట్ట మడత తిరిగే కాడ పొయ్యే మందం గూడ ఉంటది గద, అందుకని పావు ఇంచుకు ఒక దారం తక్కువ కుడితేనే లెక్క సరిపోతది. ఈ పరీక్ష నేను బట్ట రకం మారినప్పుడల్లా చేస్త.

(సభలో నుంచి: "అన్నీ సరిగ్గనే పెట్టినా, కుట్టేటప్పుడు బట్ట సాగుతది అక్కా. ఒక కొస మిగులుతది.")

మంచి మాట అడిగినవ్ బిడ్డా. సాగుతది. నీ పట్టీ ఎట్ల కోసినవ్? వాలుగ. అంటే నువ్వు కుట్టే పొడుగు అంచు మొత్తం క్రాస్. నేతలో పడుగు దారం నిలువు, పేక దారం అడ్డం. ఆ రెండు దిక్కుల గుంజితే బట్ట గట్టిగ ఉంటది. 45 డిగ్రీల మీద గుంజితే దారాలు కత్తెర లెక్క తెరుచుకొని మూసుకుంటయి, బట్ట సాగి సన్నబడుతది. జాకెట్ క్రాస్ కట్‌కు మనకు కావాల్సింది ఆ సాగుడే, బొంతకు వద్దనేది ఆ సాగుడే.

మందు గంజి. బట్ట కొయ్యకముందే గంజి పెట్టాలె, కోసినంక కాదు. ముందుగాల ఒకసారి ఉతికి రంగు పోతదా, ముడుచుకుంటదా చూసుకొని, అటెన్క అన్నం గంజి చిక్కగ పట్టించి, నీడకు ఆరబెట్టి, కొంచెం తడి ఉండంగనే ఇస్త్రీ చేయండ్రి. చెయ్యి పెడితే కాగితం లెక్క కరకర అనాలె. అప్పుడు వాలుగ కోసినా దారాలు కదలవు. ఎరుపు బట్టను మాత్రం ఒక్కటే కాదు, రెండు మూడుసార్లు ఉతకాలె. తెలుపు పక్కన పెట్టినంక ఎరుపు దిగిందంటే దానికి మందు లేదు.

ఇంకోటి, మిషన్ కింది పండ్లు కింది బట్టను ముందుకు గుంజుతయి, మీది బట్టను ఫుట్ నొక్కి కొంచెం వెనకకు ఆపుతది. అందుకని రెండిటిలో ఏది కొంచెం పొడుగు మిగిలిందో దాన్ని కింద పెట్టి కుడితే పండ్లే ఆ మిగులును సర్దుకుంటయి. చేతితోని మీరు గుంజొద్దు. చెయ్యి బట్ట మీద ఆనాలె, పట్టుకోవద్దు. ప్రతి చుక్క కాడ సూదులు పెట్టి ఉంటరు గద, ఒక చుక్క నుంచి ఇంకో చుక్క దాక ఎంత మిగిలితే అంత అక్కడనే అణగాలె. ముందుకు తోసుకుంట పోతే చివరి శంకర్‌పాలీ కాడ అంతా కుప్పగ తేలుతది.

ఇస్త్రీ గూడ. పాంటుకు చేసినట్టు రుద్దొద్దు. పెట్టె ఎత్తి, అద్ది, ఎత్తాలె. కుట్టంగనే విప్పకుండ, కుట్టు మీద ఒకసారి వేడి పెట్టుండ్రి, దారం బట్టలో కూర్చుంటది. అప్పుడు విప్పి, వేలితోని మార్జిన్ వంచి, మీద నుంచి అద్దండ్రి. రుద్దినరంటే సరిగ్గ కలిసిన గీత గూడ ఇస్త్రీ కింద విల్లు లెక్క వంగుతది. నేను చూసిన వంకరలలో కుట్టుతోని వచ్చినవి ఎన్నో, ఇస్త్రీతోని వచ్చినవి గూడ అన్నే ఉంటయి.

త్రికోణాల ముచ్చట కొంచెం చెప్పి ఊకుంట. రెండు రంగుల చదరాలు ఎదురెదురు పెట్టి, మూల నుంచి మూలకు గీత గీసి, గీతకు అటు పావు ఇంచు ఇటు పావు ఇంచు కుట్టి, గీత మీద కోస్తే రెండు ముక్కలు వస్తయి. మీలో చాలామందికి తెలుసు. బొంతలో 4 ఇంచులు కనబడాలెనంటే చదరం ఎంత కొయ్యాలె? పుస్తకం లెక్క 4 ఇంచుల ఏడు సూత్. నేను మాత్రం 5 ఇంచులే కొయ్యమంట. కుట్టి ఇస్త్రీ చేసినంక 4½కు సరి చెయ్యండ్రి. ఆ సరి చేసేటప్పుడే అసలు పని ఉన్నది. వాలు కుట్టు సరిగ్గ మూల నుంచి మూలకు పోవాలె. దారమంత తప్పినా నాలుగు ముక్కలు కలిపినప్పుడు నడుమ మొన మొద్దుబారుతది.

దానికి నా సాధనం ఇది, చూడుండ్రి. పాత ఎక్స్‌రే ఫిల్మ్. బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో నానబెట్టి కడిగితే నలుపు పోయి అద్దం లెక్క అయితది. చేతికి తొడుగు వేసుకొని చేయండ్రి. దీన్ని 4½ చదరంగ కోసి, మూల నుంచి మూలకు సూదిమొనతోని ఒక గీత గీకిన. నాలుగు దిక్కుల పావు ఇంచు లోపట ఇంకో గీత. ముక్క మీద పెడితే కుట్టు గీత కింద కనబడుతది. దాని మీద ఇది కూర్చోబెట్టి, చుట్టూ మిగిలింది కొయ్యడమే. ఈ గీకిన గీతలు కోసుకునే చోటు ఉన్నది చూసిండ్రా? మూలకు పావు ఇంచు లోపట. త్రికోణం మొన రేపు బొంతలో కనబడేది అక్కడ. మూలలో కనబడేదంతా కుట్టులోకి పోతది. కొత్తగ నేర్చుకునే పిల్లలకు ముందుగాల ఇది చూపిస్త. గుండ్రటి బ్లేడు కటర్ ఉన్నోళ్ళకు ఇది తొందరగ అయితది. జపాన్ ఓల్ఫా కంపెనీ 1979లో ఆ కటర్ తెచ్చినంకనే ప్రపంచమంతట బొంతల పని ఇంత వేగం అందుకున్నది. కత్తెరతోని గూడ అయితది. నాది కత్తెరే.

మొనలున్న వరుసను కుట్టేటప్పుడు ఆ మొన ఉన్న ముక్కను మీద పెట్టుకోండ్రి, ఉల్టా దిక్కు మీకు కనబడేటట్టు. రెండు కుట్లు కోసుకున్న ఎక్స్ కండ్ల ముందరనే ఉంటది. మిషన్ సూది దాని నడుమ నుంచి, లేకుంటే ఒక దారం అంచు దిక్కు పోవాలె. లోపలి దిక్కు పోయిందంటే మొన తెగిపోయింది.

గాలికి తిరిగే ఫిరకీ లెక్క నాలుగు త్రికోణాల జతలు నడుమ కలిసే ముక్కలో ఎనిమిది మొనలు ఒక్క చోటుకు వస్తయి. అక్కడ మందం గడ్డ లెక్క అయితది, ఇస్త్రీ పెట్టినా అణగదు. దానికి నేను ఏం చేస్తనంటే, చివరి కుట్టు అయినంక ఉల్టా దిక్కు మార్జిన్‌లో, కుట్టుకు అవతల ఉన్న రెండు మూడు టాకాలు రెండు దిక్కుల విప్పుత. అప్పుడు మార్జిన్లు అన్నీ ఒకే దిక్కు, గడియారం ముల్లు తిరిగినట్టు, గుండ్రంగ పడుకుంటయి. నడుమ చిన్న ఫిరకీ ఇంకోటి పుడుతది. వేలితోని నొక్కితే చదునుగ ఉంటది. చాలా ముద్దుగ ఉంటది, ఉల్టా దిక్కు గూడ చూసుకోబుద్ధి అయితది.

అమెరికాలో 45 డిగ్రీల శంకర్‌పాలీ ముక్కలతోనే ఎనిమిది కోణాల పెద్ద నక్షత్రం కుడుతరు, లోన్ స్టార్ అని పేరు. ఎనిమిది 45లు కలిస్తే 360, సున్నా చుట్టినట్టు నిండుతది. అక్కడి లకోటా జాతి వాళ్ళు గౌరవించాలెనుకున్న మనిషికి నక్షత్రం బొంత కప్పుతరు. ఆ నక్షత్రంలో చాలా అతుకులు ఈ ఎక్స్ అతుకులే. ఈ చుక్క పట్టుడు మీకు వచ్చిందంటే ఆ నక్షత్రం మీకు దూరం కాదు.

ఇందాక ఒక వదినె అన్నది, "బొంత అంటేనే అతుకులు గద, గింత లెక్క ఎందుకు" అని. నేను ఆ మాట చిన్నప్పటి నుంచి వింటున్న. ఏదన్న పొందిక లేకుంటే "అతుకుల బొంత" అని తిడుతరు. నాకు ఆ మాట నచ్చదు. అతుకులకు గూడ పొందిక ఉంటది. అలబామాలో గీస్ బెండ్ అని ఊరు ఉన్నది, అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి వేసుకొని చినిగిన బట్టలతోని బొంతలు కుట్టిండ్రు, మన తీరే. వాళ్ళ గీతలు చాలా వాటిలో సీదా ఉండవు, ఒకటి ఇటు వాలుతది, ఒకటి అటు. 2006లో అమెరికా తపాలా శాఖ ఆ బొంతల మీద స్టాంపులు వేసింది. నేను ఆ బొంతల బొమ్మలు చూసినప్పుడు ఎక్కడా తప్పు అనిపించలే. అది వాళ్ళు కావాల్ననుకొని పెట్టుకున్న వాలు. నువ్వు సీదా సాగాలె అనుకున్న గీత విరిగితే అది వేరే. నువ్వు అనుకున్నది నీ చేతికి రాలేదు. అనుకున్నది చేతికి రావాలె, అటెన్క వంకర కుట్టాల్నా సీదా కుట్టాల్నా నీ ఇష్టం.

అట్లని ప్రతి అతుకు విప్పమని గూడ నేను చెప్ప. దారం మందం తప్పింది విప్పొద్దు. పూల ప్రింటు మీద పూల ప్రింటు కలిసే కాడ అర సూత్ తప్పినా దొరకదు. ఎరుపు పక్క తెలుపు, నలుపు పక్క పసుపు ఉన్న కాడ, బొంత నట్టనడుమ, అక్కడ మాత్రం విప్పాలె. విప్పేటప్పుడు గూడ వరుస మొత్తం అవసరం లేదు. చుక్కకు అటు ఇంచు ఇటు ఇంచు విప్పితే చాలు. ఒక దిక్కు మూడు నాలుగు టాకాలకు ఒకటి కోసుకుంట పోయి, రెండో దిక్కు దారం గుంజండ్రి. రెండు బట్టలు పట్టుకొని చీల్చినట్టు లాగకండ్రి, అది క్రాస్ అంచు, సాగిందంటే మళ్ళ రాదు. విప్పిన చోట గంజి నీళ్ళు వేలితోని అద్ది, ఇస్త్రీ అద్ది, మళ్ళ నిలువు సూది.

మా మనవని దుప్టె నేను మూడోసారి కుట్టిన. వాడు దాన్ని కప్పుకొని పెద్దగయ్యిండు, ఇప్పుడు అది వాని కాళ్ళకు గూడ సాలదు, అయినా ఎవరికి ఇయ్యనియ్యడు. నడిమి వరుసలో ఒక్క చోట గీత ఇంకా ఒక సూత్ తప్పి ఉన్నది. నాకు తప్ప ఎవ్వరికి తెల్వదు. వాడు పండుకున్నప్పుడు నా కన్ను అక్కడికే పోతది.

సరే. ఎర్ర బొంత అక్కా, నీ వాలు పట్టీలు ఇంకా మిగిలినయా? తీసుకొని ఈ కిటికీ కాడికి రా. మొదటి జత వెలుగుకు పట్టు. ఎక్స్ ఎక్కడ పడ్డదో నువ్వే చెప్పు.